మిషన్‌కూ, రాతకూ, కటింగ్‌కూ ఒకే బల్ల సరిపోతుందా?

పాలమూరు గృహస్థు (మహబూబ్‌నగర్)

సభ్యులందరికీ నమస్కారం. మేము రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాము. మా ఇంటావిడ జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ పొద్దస్తమానం రాస్తూనే ఉంటుంది. ఈ పనులన్నింటికీ ఇంట్లో ఉన్నది 30 అంగుళాల ఎత్తున్న పాత ఆఫీసు టేబులు ఒక్కటే. దాని మీద మిషన్ పెట్టి కుట్టడం, కటింగ్ చేయాల్సి వస్తే మిషన్‌ను కిందికి దించడం, రాత్రి పూట అదే టేబుల్ మీద అమ్మాయి పుస్తకాలు పరచుకోవడం జరుగుతోంది. కొంతకాలంగా మా ఇంటావిడకు మెడ దగ్గర మొదలై భుజం దాకా నొప్పి పాకుతోంది. ఆమె ఎత్తు 5 అడుగులు, అమ్మాయి ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. మిషన్ చెక్క పీఠం ఉన్న పాత నల్లరకం. దానికి మోటారు బిగించుకున్నాము. పాత బల్ల తీసివేసి, మూడు పనులకూ పనికివచ్చే ఒక్క బల్లను వడ్రంగితో చేయించాలని అనుకుంటున్నాము. కొలతలు ఎలా ఉండాలో, ఏ చెక్క మంచిదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కత్తెర–టేపు (నల్లగొండ)

ముందుగా నొప్పి సంగతి చూద్దాము. చెక్క పీఠం ఉన్న మిషన్‌ను టేబుల్ మీద ఎత్తి పెట్టినప్పుడు సూది కింద ఉండే పలక టేబుల్ కన్నా ఇంచుమించు మూడు అంగుళాలు పైకి లేస్తుంది. అంటే మీ ఇంటావిడ గుడ్డను నడిపిస్తున్నది 30 అంగుళాల ఎత్తులో కాదు, 33 అంగుళాల ఎత్తులో. 5 అడుగుల మనిషి మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మోచేయి నేల నుంచి 26 అంగుళాల దగ్గర ఉంటుంది. ఆ తేడాను సరిపెట్టుకోవడానికి ఆమె పొద్దంతా భుజాలు ఎగరేసుకొని కుడుతోందన్న మాట. నొప్పి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కాలితో తొక్కే మిషన్ స్టాండ్లలో ఈ చిక్కు ఎందుకు తక్కువగా ఉండేదో గమనించండి. వాటిలో మిషన్ బల్ల మీద కూర్చోదు, బల్లలో కూర్చుంటుంది. సూది పలక, బల్ల పైభాగం ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి గుడ్డ జారి కిందికి లాగదు, చేతికి ఆనుకునే చోటు దొరుకుతుంది. పైగా పాదాలు తొక్కుడు పలక మీద ఎత్తులో ఉంటాయి గనుక స్టూలును కొంచెం ఎత్తు చేసుకున్నా కాళ్లు వేలాడవు. మోటారు పెట్టగానే చాలామంది ఆ స్టాండును పాత ఇనుము వాళ్లకు వేసేస్తారు. అది తెలివైన పని కాదని నా అభిప్రాయం.

కాబట్టి కొత్త బల్లకు పలకలో రంధ్రం కోయించి మిషన్‌ను అందులో దించండి. ఇళ్లలో వాడే పాత నల్ల మిషన్లలో ఎక్కువ వాటి అడుగు 14 అంగుళాల 5 సూతుల (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) పొడవు, 7 అంగుళాల వెడల్పు ఉంటుంది. అయినా వడ్రంగికి నోటి లెక్క చెప్పకుండా మిషన్‌నే తీసుకువెళ్లి, అడుగు చుట్టూ పెన్సిలుతో గీయించండి. ఒక సూతు ఎక్కువైతే సందులో దారం చిక్కుకుంటుంది, తక్కువైతే మిషన్ దిగనే దిగదు.

వ్యాయామ చికిత్స (మిర్యాలగూడ)

పైన చెప్పిన దానికి నా వృత్తి తరఫున కొంత కలుపుతాను. ఏ చేతిపనికైనా బల్ల ఎత్తును నేల నుంచి కాకుండా పనిచేసే మనిషి మోచేతి నుంచి లెక్కపెట్టాలి. కన్ను దగ్గరగా పెట్టి చేసే సన్నని పనికి బల్ల మోచేతి కన్నా 5 నుంచి 10 సెంటీమీటర్లు పైన ఉండాలి. నిలబడి చేసే తేలిక పనికి మోచేతి కన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఒంటి బరువు వేసి చేసే పనికి ఇంకా కిందికి పోవాలి. ఈ లెక్కన చూస్తే మీ ఇంట్లో మూడు పనులకు మూడు ఎత్తులు వస్తాయి, ఒక్కటి రాదు.

5 అడుగుల మనిషి నిలబడితే మోచేయి దాదాపు 38 అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి కటింగ్ బల్ల 32 నుంచి 34 అంగుళాలు ఉంటే చాలు. దుకాణాల్లో కటింగ్ టేబుళ్లు 36 అంగుళాలో, అంతకన్నా ఎక్కువో ఉండడానికి కారణం అక్కడ కత్తెర పట్టేది చాలావరకు పొడుగాటి మగవాళ్లు కావడమే. ఆ కొలతను ఇంటికి తెచ్చుకోవద్దు. కుట్టుకూ రాతకూ మీవాళ్లిద్దరికీ 27 లేదా 28 అంగుళాలు సరిపోతుంది.

పల్లె పట్నం (వనపర్తి)

నాకు ఈ లెక్కలు కొంత అతిగా అనిపిస్తున్నాయి. మా ఇంట్లో ముందు తరం ఆడవాళ్లు చాప పరచి నేల మీదే గుడ్డ కత్తిరించారు, ఒళ్లో పెట్టుకొని కాజాలు కుట్టారు. ఊరి పట్వారీ లెక్కలన్నీ ఏటవాలు మూత ఉన్న చెక్క పెట్టె ముందు బాసిపట్టు వేసుకొని రాసేవాడు. కిరాణా సేటు గల్లా పెట్టె మీదే ఖాతా రాసేవాడు. బల్ల లేకపోతే పని సాగదనడం మన అలవాటు కాదు. నేల కన్నా విశాలమైన కటింగ్ టేబులు ఏ ఇంట్లో ఉంది?

వ్యాయామ చికిత్స (మిర్యాలగూడ)

పల్లె పట్నం గారూ, పట్వారీ పెట్టె గురించి మీరు చెప్పిన మాటలోనే నా వాదనకు బలం ఉంది. ఆ మూత ఏటవాలుగా ఉండడం వల్ల కాగితం కంటి వైపు లేస్తుంది, మెడ వంగడం తగ్గుతుంది. నేల మీద కూర్చున్నా ఆ పాతవాళ్లు పనిని ఎత్తు చేసుకున్నారు తప్ప ఒంటిని పనికి వంచలేదు. పాలమూరు గృహస్థు గారి అమ్మాయికి కూడా నేను అదే సూచిస్తాను: బల్ల మీద వెనుక వైపు మూడు నాలుగు అంగుళాలు లేచి ఉండే ఏటవాలు పలక ఒకటి పెట్టుకుంటే చాలు. దాని ముందు అంచుకు సన్నని చెక్క పట్టీ కొట్టించాలి, లేకపోతే పుస్తకం ఒళ్లోకి జారుతుంది.

ఇక నేల విషయం. అందరూ నేల మీద కూర్చోగలరని అనుకోకూడదు. మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వంటి చోట్ల దశాబ్దాల పాటు ఫ్లోరైడు నీళ్లు తాగినవాళ్లలో వెన్నెముక, మోకాళ్లు, మెడ బిగుసుకుపోయిన మనుషులను నేను చూస్తుంటాను. ఇప్పుడు కృష్ణా నీళ్లు కుళాయిల్లో వస్తున్నా, ఒకసారి బిగిసిన ఎముక వెనక్కి రాదు. వాళ్లలో కుట్టుపనితో బతికే ఆడవాళ్లు ఉన్నారు. తల వంచలేని మనిషికి పని పైకి రావాలి. బాసిపట్టు వేయలేని మనిషికి కుర్చీ, బల్ల సౌకర్యాలు కావు, జీవనాధారాలు. వాళ్లకు నేల విశాలంగా ఉండి ఏం ప్రయోజనం?

పల్లె పట్నం (వనపర్తి)

ఆ కోణం ఒప్పుకుంటున్నాను. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నేల మీద కటింగ్ తప్పు కాదన్న మాట మీద మాత్రం నిలబడతాను.

దేవరకొండ కొయ్యపని

నేను వృత్తిరీత్యా వడ్రంగిని. చెక్క సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను.

పైపలకకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. ఇంటి లోపల వాడకానికి ఐ.ఎస్. 303 ముద్ర ఉన్నది చాలు. నీళ్లు తగిలే వంటింటికి వాడే ఐ.ఎస్. 710 రకం మీకు అవసరం లేదు. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన) పలక చవకగా వస్తుంది, నునుపుగా ఉంటుంది. కానీ ఇస్త్రీ చేసేటప్పుడు చల్లే నీళ్లకు అంచులు ఉబ్బుతాయి, మిషన్ కబ్జాల స్క్రూలు కొన్నాళ్లకు వదులవుతాయి. మిషన్ బిగించే పలకకు దాన్ని నేను వాడను.

కట్టె పలకే కావాలంటే కొత్త టేకు కన్నా పాత ఇండ్లు విప్పినప్పుడు వచ్చే దర్వాజలు, దూలాల టేకు మేలు. నల్లమల వైపు నుంచి ఒకప్పుడు వచ్చిన ఆ కట్టె ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది, ఇక వంగదు. పచ్చి వేప పలకతో బల్ల చేస్తే మన పాలమూరు ఎండలకు మొదటి వేసవిలోనే మెలి తిరుగుతుంది. బాగా ఆరిన వేప అయితే చెదలు అంత తొందరగా పట్టవు కాబట్టి కాళ్లకు పనికి వస్తుంది. పాత కట్టెలో విరిగి దాగిన మేకులు ఉంటాయి, రంపపు పండ్లు పోతాయి. అందుకే కొందరు వడ్రంగులు పాత కట్టె అనగానే కూలి పెంచుతారు, అది న్యాయమే.

ఇంకొక మాట. బండలు పరిచిన ఇండ్లలో, ముఖ్యంగా షాబాద్, తాండూరు బండల నేలల్లో, నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనడం అరుదు. కాగితం ముక్కలు మడిచి కాలి కింద పెట్టే బదులు ప్రతి కాలి అడుగున తిప్పి ఎత్తు సరిచేసుకునే బోల్టు పెట్టించండి. మోటారు మిషన్ అదురుకు బల్ల ఊగితే కుట్టు కూడా ఊగుతుంది.

గద్వాల జరీ (గద్వాల)

అంచుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇది మా పొట్టకూటి విషయం. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఫాల్ వేయడానికి అటువంటి చీరను బల్ల మీద నుంచి లాగుతున్నప్పుడు సన్‌మైకా మూలలో లేచిన పెచ్చు ఒకటి చాలు. జరీ పోగు దానికి తగులుకుంటుంది. చేయి ఆగేలోపే జానెడు మేర గుడ్డ కుచ్చులా ముడుచుకుపోతుంది. దువ్వినా, ఇస్త్రీ చేసినా ఆ గీత పోదు, చీర ఖరీదు మీ మీద పడుతుంది. కాబట్టి పలక నాలుగు అంచులకూ గుండ్రటి కట్టె బీడింగ్ కొట్టించండి. సన్‌మైకాను బీడింగ్ మీదికి రానివ్వకుండా లోపలే ఆపండి. మేకుల తలలన్నీ లోపలికి దించి లప్పం పూయించండి. ఆ తరువాత పాత పట్టుగుడ్డ ముక్కను అరచేతి కింద పెట్టి అంచుల వెంట తిప్పి చూడండి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఇసుక కాగితం వేయించండి. ఈ పరీక్ష పూర్తి కాకుండా వడ్రంగికి మిగతా డబ్బులు ఇవ్వకండి. దేవరకొండ అన్న నన్ను క్షమించాలి.

ఇంకో సంగతి: కుడుతున్న చీర నేల మీదికి పోతే మురికి పట్టడమే కాదు, దాని బరువు సూది దగ్గరి గుడ్డను లాగుతుంది. బల్ల ఎడమ వైపు ఎక్కువ ఖాళీ ఉంచి, మిషన్‌ను కుడి చివరకు జరిపించండి.

దేవరకొండ కొయ్యపని

క్షమించేది ఏముంది, ఆ పరీక్షను నేనూ చేస్తాను. కాకపోతే నా దగ్గర పట్టుగుడ్డ ఉండదు, పాత మేజోడు వాడతాను.

ఆసు దారం (ఆలేరు)

ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, చేయి ఎంత దూరం పోతుందో కూడా చూడాలి. పోచంపల్లి చీరలకు ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు దారాన్ని మేకులకు చుట్టేటప్పుడు, ఒక చేయి నడిమి మేకుకూ, అర్ధచంద్రంగా నిలిపిన మేకుల వరసకూ మధ్య వేలసార్లు తిరుగుతుంది. మా వైపు ఎంతమంది ఆడవాళ్ల భుజాలు ఆ పనితో అరిగాయో లెక్క లేదు. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న ఆ బాధ చూడలేకనే 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేసి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ బల్ల గురించి మాట్లాడుతూ దాన్ని ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, చాచిన చేతితో చేసే పని ఎంత తేలికదైనా వేలసార్లు చేస్తే అది బరువు పనే. కత్తెర, సుద్ద, బాబిన్ల డబ్బా, టేపు, ఇవన్నీ మోచేయి ఒంటికి ఆనించి ఉంచినప్పుడు అరచేయి అందే మేరలోనే ఉండాలి. బల్ల వెడల్పు 24 అంగుళాలు దాటితే వెనుక సగం సామాను పెట్టుకునే అరగా మారుతుంది తప్ప పనికి రాదు.

కత్తెర–టేపు (నల్లగొండ)

ఆలేరు వారు చెప్పింది కుట్టు బల్లకు సరైనది. కటింగ్‌కు మాత్రం 24 అంగుళాలు చాలదు. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డను మడత వేస్తే 22 వస్తుంది, 58 పన్నా గుడ్డను మడత వేస్తే 29 వస్తుంది. గుడ్డ అంచు బల్ల దాటి వేలాడితే మడత జరుగుతుంది, కటింగ్ వంకర పోతుంది. కాబట్టి కటింగ్ పలక 30 అంగుళాల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉండాలి. కత్తెర కింది రెక్క బల్లను ఆనుకొని జారాలి, గుడ్డను గాలిలోకి ఎత్తి కత్తిరించకూడదు. అందువల్ల ఆ పలక నున్నగా ఉండాలి.

పాలమూరు గృహస్థు (మహబూబ్‌నగర్)

అందరికీ ధన్యవాదాలు. కుట్టు బల్ల ఎత్తు 28 అంగుళాలు అని తేలింది. కటింగ్ కోసం అదే బల్ల కాళ్ల కింద ఆరు అంగుళాల దిమ్మెలు పెట్టి ఎత్తు చేసుకుంటే సరిపోదా? లేదా మిషన్‌ను కప్పేలా పైన ఇంకొక పలకను మూతలా బోర్లించవచ్చా? మిషన్ రోజూ ఎత్తి దించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. ఇస్త్రీకి పలక మీద మా వైపు దొరికే గొంగడి పరచవచ్చా అన్నది కూడా చెప్పండి.

దేవరకొండ కొయ్యపని

ఆరు అంగుళాల దిమ్మెల మీద నిలిపిన బల్లకు మనిషి ఆనుకుంటే ఒక దిమ్మె జరిగినా అంతా కూలుతుంది. నాలుగు అంగుళాలు దాటిన దిమ్మెను నేను పెట్టను. మూత ఆలోచన కూడా కుదరదు, ఎందుకంటే బల్లలో దించిన మిషన్ తల పలక మీదికి దాదాపు అడుగు ఎత్తు లేచి ఉంటుంది. దాన్ని కప్పేలా మూత చేస్తే పైభాగం 40 అంగుళాలకు పోతుంది, మీ ఇంటావిడ స్టూలు ఎక్కి కత్తిరించాల్సి వస్తుంది. వెనుక కబ్జాల రెండు స్క్రూలు వదులు చేస్తే తల ఊడి వస్తుంది గానీ, పోత ఇనుము తల పది కిలోలకు పైనే ఉంటుంది. ఓపిక లేదని మీరే అన్నారు.

సొంత ఇల్లయితే గోడకు మడత పడే పలక బిగించమనేవాణ్ణి. అద్దె ఇల్లు కాబట్టి కటింగ్ పలకను విడిగా చేయించి, మడత పడే రెండు స్టాండ్ల మీద పరచుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో 6 అడుగులకు 30 అంగుళాల పలక పదిహేను కిలోల పైచిలుకు తూగుతుంది. ఇద్దరు పట్టుకుంటే సులువుగా లేస్తుంది, పని కాగానే తలుపు వెనుక నిలబెట్టవచ్చు. పలక అడుగున స్టాండ్లు కూర్చునే చోట రెండు వైపులా కట్టె పట్టీలు కొట్టిస్తే జారదు. స్టాండు ఎత్తు 33 అంగుళాలు పెట్టండి.

కత్తెర–టేపు (నల్లగొండ)

ఈ ఏర్పాటే మంచిది. ఒకే బల్ల అన్న పట్టు విడిచిపెడితేనే మీ పని జరుగుతుంది. గొంగడి ఇస్త్రీకి చాలా బాగుంటుంది. ఉన్ని కాబట్టి వేడికి తట్టుకుంటుంది, మెత్తగా ఉంటుంది. దాని మీద తెల్లటి నూలు దుప్పటి పరవాలి, లేకపోతే నల్ల ఉన్ని నూగు లేత రంగు గుడ్డలకు అంటుతుంది. కటింగ్ చేసేటప్పుడు మాత్రం గొంగడి తీసేయాలి, సుద్ద గీత మెత్తటి దాని మీద వణుకుతుంది.

మగ్గం పని (చౌటుప్పల్)

ఆలస్యంగా చూశాను. మీ ఇంటావిడ జాకెట్లు కుడుతున్నారు కాబట్టి రేపో మాపో మగ్గం వర్క్ కూడా అడిగేవాళ్లు వస్తారు. ఆ పనికి ఈ బల్లలు ఏవీ పనికి రావు. ఆరి సూది పై నుంచి దిగితే, ఎడమ చేయి గుడ్డ కింద నుంచి దారం అందించాలి. అందువల్ల కింద పలక ఉండకూడదు, బిగించిన గుడ్డ మాత్రమే ఉండాలి. అయితే కటింగ్ పలక కోసం చేయించే స్టాండ్లనే రెండు ఎత్తుల్లో నిలిచేలా చేయిస్తే, పలక తీసేసి వాటి మీద మగ్గం కర్రలు వేసుకోవచ్చు. కుర్చీలో కూర్చొని చేసే మగ్గానికి 28 అంగుళాలు సరిపోతుంది. స్టాండుకు 28 దగ్గర ఒకటి, 33 దగ్గర ఒకటి రంధ్రాలు వేసి పిన్ను పెట్టించండి. ఇది అదనపు ఖర్చేమీ కాదు.

పాలమూరు గృహస్థు (మహబూబ్‌నగర్)

చాలా మంచి సూచన. వడ్రంగికి ఇవ్వబోయే కొలతలు ఇవి: కుట్టు బల్ల 5 అడుగుల పొడవు, 24 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తు, మిషన్ రంధ్రం కుడి చివర, ఎడమ వైపు మూడు అడుగులు అమ్మాయి రాతకు, ఏటవాలు పలకతో. కటింగ్ పలక విడిగా. కిటికీ బల్లకు ఎడమ వైపు వచ్చేలా గోడ ఎంచుకున్నాము. ఇద్దరూ కుడిచేతి వాటం వాళ్లే కాబట్టి చేతి నీడ పని మీద పడదు. ఊగకుండా బల్లకు అడ్డ కర్రలు ఎక్కడ కొట్టించాలన్నది మాత్రం తేలలేదు.

దేవరకొండ కొయ్యపని

ముందు వైపు అడ్డ కర్ర అసలు వద్దు, మోకాళ్లకు తగులుతుంది. వెనుక వైపు రెండు కాళ్ల మధ్య ఏటవాలుగా రెండు పట్టీలు, పక్కల నేలకు జానెడు ఎత్తులో ఒక్కొక్క అడ్డ కర్ర చాలు. కుడి చివరి కాళ్లను పలక అంచుకు దగ్గరగా పెట్టించండి, లోపలికి జరిపితే మోటారుకూ బెల్టుకూ చోటు ఉండదు. పలక అడుగున మిషన్ రంధ్రం చుట్టూ రెండు అంగుళాల కట్టె పట్టీ తప్పకుండా కొట్టించాలి. అంత పెద్ద రంధ్రం పడ్డాక ప్లైవుడ్ ఆ చోట బలహీనపడుతుంది. కాలి పెడల్ జారకుండా పాత రబ్బరు చాప ముక్క ఒకటి కింద వేసుకోండి. అదే ముక్క ఇంకొంచెం పెద్దదిగా కోస్తే కుర్చీ కూడా బండ మీద వెనక్కి జారదు.